ఏడేళ్ళంటే ఎన్నేళ్ళు?

'ద్వీపాంతరవాస శిక్ష' అనే మాట మనందరం స్కూల్లో చదువుకున్నదే. స్వాతంత్ర్యోద్యమం పాఠంలో ఒకట్రెండు చోట్ల వస్తుంది. అండమాన్, సెల్యులార్ జైలు, కాలాపానీ... పరీక్షకి అంతవరకు చాలు. అందుకే అది మనల్ని భయపెట్టడానికి మన కోసమే కనిపెట్టిన శిక్ష అన్నట్టు ఒక అభిప్రాయం ఉండిపోతుంది. నిజానికి బ్రిటన్ దాన్ని ముందు తన సొంత జనం మీదే వాడింది. ఆ తర్వాతే మద్రాసు, బెంగాల్, బొంబాయి ప్రెసిడెన్సీల నుంచి ఖైదీలను పెనాంగ్, సింగపూర్ వంటి చోట్లకు, 1858 నుంచి అండమాన్‌కు పంపింది. 1860 నాటి ఇండియన్ పీనల్ కోడ్‌లో ఉరిశిక్ష తర్వాత రెండో స్థానం దీనిదే. స్వతంత్రం వచ్చాక కూడా కొన్నేళ్ళు ఆ మాట చట్టంలో అలాగే ఉండిపోయింది. 1956 జనవరి 1 నుంచి దాని స్థానంలో యావజ్జీవ కారాగార శిక్ష వచ్చింది.

ఈ శిక్ష అసలెలా పనిచేసేదో నాకు ఒక మనిషి కథ చదివాక అర్థమైంది. ఆమె పేరు మేరీ బ్రాడ్. పెళ్ళయ్యాక మేరీ బ్రయంట్. ఇంగ్లండ్‌లో పుట్టింది, ఇరవయ్యేళ్ళ వయసులో దొంగతనం కేసులో దొరికింది, ఆస్ట్రేలియాకి పంపేశారు. ఆమెకి వేసిన శిక్ష ఏడేళ్ళు. ఆ 'ఏడేళ్ళు' అనే అంకెను పట్టుకునే ఈ వ్యాసం రాస్తున్నాను. ఎందుకంటే ఈ కథలో నేరం, సముద్రం, పడవ అన్నీ ఉన్నా, నాకు ఎక్కువగా గుచ్చుకున్నది ఆ అంకే.

ఉరికంబం నుంచి ఓడలోకి

పద్దెనిమిదో శతాబ్దపు ఇంగ్లండ్‌లో రెండు వందలకు పైగా నేరాలకు ఉరిశిక్ష ఉండేది. హత్యలు, రాజద్రోహాల సంగతి సరే. దుకాణంలో అయిదు షిల్లింగుల సరుకు కాజేసినా, గొర్రెను దొంగిలించినా చట్టం ప్రకారం ఉరే. పోలీసు వ్యవస్థ అంటూ పెద్దగా లేని రోజులవి. దొరికే అవకాశం తక్కువ కాబట్టి, దొరికినవాడికి వేసే శిక్ష చూసి మిగతావాళ్ళు హడలిపోవాలన్నది అప్పటి ఆలోచన.

కానీ చట్టంలో ఉన్నంతమందిని నిజంగా ఉరితీస్తూ పోతే ఊళ్ళు ఖాళీ అవుతాయి. అందుకని న్యాయమూర్తులు మరణశిక్ష చదివేసి, ఆ తర్వాత చాలామందికి దాన్ని రాజుగారి దయ పేరుతో ద్వీపాంతరవాసంగా మార్చేవాళ్ళు. ఏడేళ్ళు, పద్నాలుగేళ్ళు, లేదా జీవితాంతం. ఇవే మామూలుగా వేసే మూడు లెక్కలు.

మొదట్లో ఈ ఖైదీలంతా అమెరికా వెళ్ళేవారు. అక్కడి తోటల యజమానులు వాళ్ళ శ్రమను కొనుక్కునేవారు. అలా దాదాపు 50,000 మంది వెళ్ళారని చరిత్రకారుల అంచనా. 1775లో అమెరికా తిరగబడడంతో ఆ దారి మూసుకుపోయింది. కోర్టులు మాత్రం ఆగలేదు, శిక్షలు వేస్తూనే ఉన్నాయి. జైళ్ళు నిండిపోయాయి. అప్పుడు ప్రభుత్వం పనికిరాని పాత ఓడలకు తెరచాపలు, స్తంభాలు తీసేసి, రేవుల్లో లంగరు వేసి, వాటినే జైళ్ళుగా మార్చింది. తాత్కాలికం అని మొదలుపెట్టిన ఆ ఏర్పాటు ఏళ్ళ తరబడి సాగింది. చివరికి 1770లో కెప్టెన్ కుక్ చూసి వచ్చిన ఆస్ట్రేలియా తూర్పు తీరాన్ని ఖైదీల వలసగా చెయ్యాలని 1786లో నిర్ణయించారు. అక్కడ వేల ఏళ్ళుగా మనుషులు ఉంటున్నారన్న సంగతి ఆ నిర్ణయంలో లెక్కలోకే రాలేదు.

సరిగ్గా ఆ ఏడాదే మేరీ కోర్టు బోనెక్కింది.

పట్టు టోపీ

మేరీది ఇంగ్లండ్ నైరుతి మూలన కార్న్‌వాల్‌లో ఉన్న ఫోయ్ అనే రేవు ఊరు. సముద్రం మీద బతికే కుటుంబం. 1765 మే 1న ఆమెకు బాప్తిస్మం జరిగినట్టు చర్చి రిజిస్టర్లో ఉంది. 1786లో ప్లిమత్ దగ్గర దారి మీద ఇంకో ఇద్దరు స్త్రీలతో కలిసి ఒక మహిళను అడ్డగించి దోచుకుందన్నది ఆమె మీద కేసు. పోయినవి ఒక పట్టు టోపీ, మరికొన్ని వస్తువులు. అన్నిటి విలువా కలిపి పదకొండున్నర పౌండ్ల చిల్లర. దారి దోపిడీ కాబట్టి ఉరి. 1786 మార్చి 20న ఎక్సెటర్‌లో తీర్పు చెప్పారు. తర్వాత దాన్ని ఏడేళ్ళ ద్వీపాంతరవాసంగా మార్చారు.

ఆ తేదీ గుర్తుపెట్టుకోండి, మళ్ళీ పనికొస్తుంది.

అప్పటికి ఆమె వయసు ఇరవై నిండి ఇరవై ఒకటి నడుస్తోంది. అంటే మన కాలేజీలో థర్డ్ ఇయర్, ఫైనల్ ఇయర్ వాళ్ళ వయసు. తీర్పయ్యాక ప్లిమత్ రేవులో 'డంకర్క్' అనే జైలు ఓడలో పడేశారు. ఏడాది పైగా అక్కడే.

ఓడలో పుట్టిన పాప

1787 మే 13న పోర్ట్స్‌మత్ నుంచి 11 ఓడలు బయల్దేరాయి. ఆస్ట్రేలియా చరిత్రలో దీన్నే ఫస్ట్ ఫ్లీట్ అంటారు. ఖైదీల్లో దాదాపు 190 మంది స్త్రీలు. మేరీ ఎక్కిన ఓడ పేరు షార్లెట్. దారిలో, సెప్టెంబరు 8న, ఆమెకు ఓడలోనే ఆడపిల్ల పుట్టింది. ఓడ పేరే పాపకు పెట్టింది. కేప్‌టౌన్‌లో ఆగినప్పుడు షార్లెట్ స్పెన్స్ అని బాప్తిస్మం చేయించారు.

ఈ ప్రయాణం మొత్తం 252 రోజులు. 24,000 కిలోమీటర్ల దూరం. ఇప్పుడు హైదరాబాద్‌లో రాత్రి విమానం ఎక్కితే మర్నాటికల్లా సిడ్నీలో దిగుతున్నారు మన సీనియర్లు. వీళ్ళు ఎనిమిది నెలలకు పైగా ఓడ కిందిభాగంలో, తక్కువ ఎత్తున్న చీకటి గదుల్లో వెళ్ళారు. మేరీ అందులోనే పురుడు పోసుకుంది.

1788 జనవరి 26న ఓడలు ఇప్పటి సిడ్నీ ఉన్న చోట ఆగాయి. స్త్రీలను ఫిబ్రవరి 6న దించారు. నాలుగు రోజులకి, ఫిబ్రవరి 10న, మేరీ పెళ్ళి చేసుకుంది. పెళ్ళి రిజిస్టర్లో ఆమె సంతకం ఒక ఇంటూ గుర్తు. చదువు రాదు.

వరుడు విలియం బ్రయంట్. అతనూ కార్న్‌వాల్ వాడే, అదే ఓడలో వచ్చిన ఖైదీయే. నేవీ నావికుల పేరు చెప్పి వాళ్ళ జీతం కాజేశాడన్నది అతని నేరం. 1784 మార్చిలో శిక్ష పడింది. అతనికీ ఏడేళ్ళే.

కాగితాలు రాని జైలు

ఇక్కడ కాస్త ఆగి ఒక లెక్క చూద్దాం. విలియంకి 1784 నుంచి ఏడేళ్ళు. అంటే 1791 మార్చికి అయిపోవాలి. మేరీకి 1793 మార్చికి. ఆ రోజు వచ్చాక ఏం జరుగుతుంది?

మొదటి చిక్కు, ఎవరి శిక్ష ఎప్పుడు ముగుస్తుందో చెప్పే రికార్డులు ఆ ఓడల్లో రాలేదు. గవర్నర్ ఆర్థర్ ఫిలిప్ దగ్గర మనుషులున్నారు, వాళ్ళ శిక్షా కాలాల కాగితాలు లేవు. "నా గడువు అయిపోయింది, వదిలెయ్యండి" అని ఎవరైనా అడిగితే, ఇంగ్లండ్ నుంచి కాగితం వచ్చేదాకా ఆగమనేవారు. ఉత్తరం వెళ్ళి జవాబు రావాలంటే ఏడాదిన్నర, రెండేళ్ళు. శిక్ష అయిపోయిందంటూ గొడవపడి, అధికారుల మీద నోరు జారిన ఒకతనికి కొరడా దెబ్బలు మిగిలాయి.

రెండో చిక్కు ఇంకా పెద్దది. గడువు తీరినా తిరుగు ప్రయాణం ప్రభుత్వం బాధ్యత కాదు. పంపే ఖర్చు వాళ్ళది, తిరిగి రావడం మాత్రం నీ చావు నువ్వు చావు అన్నట్టు. మగవాడైతే ఏదో ఒక ఓడలో కళాసీగా పని ఒప్పుకుని, ఆ పనికి బదులుగా ఇంటికి చేరొచ్చు. ఆడదాన్ని ఏ కెప్టెన్ కళాసీగా పెట్టుకుంటాడు? టికెట్ కొనుక్కుందామంటే డబ్బెక్కడిది? అందులోనూ చంకలో పిల్లలుంటే?

అంటే ఒకే కోర్టు, ఒకే 'ఏడేళ్ళు' అనే మాట చెప్పినా, అది మగవాడికి ఏడేళ్ళు కావొచ్చు. ఆడదానికి మాత్రం దాదాపుగా యావజ్జీవమే. తీర్పులో ఆ సంగతి ఎక్కడా రాయరు. 1788 నుంచి 1868 దాకా ఆస్ట్రేలియాకు పంపిన సుమారు 1,62,000 మందిలో దాదాపు 25,000 మంది స్త్రీలు. వాళ్ళలో తిరిగొచ్చినవాళ్ళు బహు కొద్దిమంది. వెళ్ళినవాళ్ళలో కొందరు అక్కడ బాగా స్థిరపడ్డారు కూడా. గుర్రం దొంగతనం కేసులో పిల్లవయసులోనే వెళ్ళిన మేరీ రైబీ పెద్ద వ్యాపారస్తురాలై, ఇప్పుడు ఆస్ట్రేలియా 20 డాలర్ల నోటు మీద బొమ్మగా ఉంది. కానీ ఉండిపోవడం, వచ్చెయ్యడం అనే రెండు దారులూ తెరిచి ఉంటేనే కదా అది ఎంపిక అయ్యేది.

మన మేరీకి ఇంకో భయం కూడా ఉండి ఉండాలి. ఇక్కడ జరిగిన పెళ్ళి తనను కట్టిపడెయ్యదని విలియం నలుగురిలో అంటుండేవాడని వలస అధికారి డేవిడ్ కాలిన్స్ రాశాడు. గడువు తీరగానే అతను ఓడెక్కేస్తే? పిల్లలతో ఆమె ఒక్కతే.

ఆకలి

మొదటి రెండు మూడేళ్ళు ఆ వలస ఆకలితో అల్లాడింది. తెచ్చిన విత్తనాలు ఆ నేలలో సరిగ్గా మొలకెత్తలేదు. వ్యవసాయం తెలిసినవాళ్ళు తక్కువ. 1790 మార్చిలో వాళ్ళకున్న పెద్ద ఓడ సిరియస్ నార్ఫోక్ దీవి దగ్గర పగిలిపోయింది. ఏప్రిల్ నుంచి మనిషికి వారానికి ఇచ్చింది రెండున్నర పౌండ్ల పిండి, రెండు పౌండ్ల బియ్యం, రెండు పౌండ్ల ఉప్పు పంది మాంసం. మన కొలతల్లో పిండి కిలో పైన కాస్త, మిగతావి ఒక్కోటి కిలోకి తక్కువ. మాంసం ఉప్పేసి మూడు నాలుగేళ్ళయింది. బియ్యం పురుగులతో కదులుతూ ఉండేదని మెరైన్ కెప్టెన్ వాట్కిన్ టెంచ్ తన పుస్తకంలో రాశాడు. ఆ జూన్‌లో వచ్చిన సెకండ్ ఫ్లీట్ ఆదుకుంటుందనుకుంటే, అందులో ఎక్కిన ఖైదీల్లో దాదాపు నాలుగో వంతు దారిలోనే చనిపోయారు. దిగినవాళ్ళలో చాలామంది నడవలేని స్థితిలో ఉన్నారు.

బ్రయంట్ కుటుంబం కాస్త మెరుగు. విలియంకి చేపలు పట్టడం తెలుసు కాబట్టి వలస పడవలు అతని చేతికిచ్చారు, ఒక గుడిసె ఇచ్చారు. 1789 ఫిబ్రవరిలో కొన్ని చేపలు దాచి అమ్ముకుంటూ దొరికాడు. వంద కొరడా దెబ్బలు, గుడిసె పోయింది. అయినా పడవ పని నుంచి మాత్రం తీసెయ్యలేదు. అతను లేకపోతే చేపలు పట్టేవాడు లేడు. 1790 ఏప్రిల్‌లో, అంటే రేషన్ తగ్గించిన ఆ రోజుల్లోనే, మేరీకి పుట్టిన కొడుక్కి ఇమాన్యుయేల్ అని బాప్తిస్మం అయింది.

పడవ, దిక్సూచి, క్వాడ్రంట్

1790 డిసెంబరులో బటావియా నుంచి, అంటే ఇప్పటి జకార్తా నుంచి, వాక్సమ్‌హైడ్ అనే డచ్చి ఓడ సరుకులతో వచ్చింది. ఆ కెప్టెన్ దగ్గర విలియం ఒక దిక్సూచి, ఒక క్వాడ్రంట్, రెండు తుపాకులు సంపాదించాడు. కొంచెం కొంచెంగా 100 పౌండ్ల పైన పిండి, అంతే బియ్యం కూడబెట్టారు. ఆకలి రాజ్యమేలుతున్న చోట అంత తిండి దాచడం అంటే ఇంట్లో ఎవరి ప్రమేయం లేకుండా జరిగే పనా, మీరే చెప్పండి.

పడవ గవర్నర్‌దే. ఆరు తెడ్లు, ఒక తెరచాప ఉన్న, పైకప్పు లేని పడవ. తమాషా ఏంటంటే, కొన్ని వారాల ముందే అది గాలివానలో చిక్కి దెబ్బతింటే ప్రభుత్వమే దాన్ని బాగుచేయించి పెట్టింది.

1791 మార్చి నెలాఖరుకి డచ్చి ఓడ వెళ్ళిపోయింది. వలసకు మిగిలిన ఓడ సప్లై నార్ఫోక్ దీవికి వెళ్ళి ఉంది. అంటే వెంటాడడానికి రేవులో ఒక్క ఓడ లేదు. మార్చి 28 రాత్రి పదకొండు మంది పడవెక్కారు. విలియం, మేరీ, మూడున్నరేళ్ళ షార్లెట్, ఏడాది నిండని ఇమాన్యుయేల్, మరో ఏడుగురు మగ ఖైదీలు. తెల్లారి వెతికినవాళ్ళకి గుడిసెకీ నీటి ఒడ్డుకీ మధ్య దారిలో ఒలికిపోయిన బియ్యం కనిపించింది. చీకట్లో, హడావిడిలో, గింజ గింజ దాచుకున్న బియ్యం అలా పడిపోయిందన్నమాట.

విలియం గడువు ఆ మార్చి నెలలోనే ముగిసింది. లెక్క ప్రకారం అతను అప్పటికే స్వేచ్ఛాజీవి. పారిపోవాల్సిన అవసరం ఆ పడవలో అందరికన్నా ఎక్కువ ఉన్నది, ఇంకా రెండేళ్ళ శిక్ష మిగిలిన మేరీకి.

69 రోజులు

వాళ్ళ గమ్యం డచ్చివాళ్ళ ఏలుబడిలో ఉన్న తిమోర్ దీవిలోని కుపాంగ్. దూరం 3,254 మైళ్ళని అప్పటివాళ్ళు లెక్కగట్టారు. అంటే 5,000 కిలోమీటర్ల పైమాటే. ఇచ్ఛాపురం నుంచి తడ దాకా ఉన్న మన సముద్రతీరాన్ని అయిదుసార్లు కొలిచినంత.

మనవాళ్ళకి సహజంగా వచ్చే ప్రశ్న, దారెలా తెలిసిందని. క్వాడ్రంట్‌తో మధ్యాహ్నం సూర్యుడి ఎత్తు కొలిస్తే అక్షాంశం తెలుస్తుంది. దిక్సూచి దిశ చెబుతుంది. రేఖాంశం కావాలంటే కచ్చితమైన గడియారం ఉండాలి, అది వాళ్ళ దగ్గర లేదు. అందుకని తీరాన్ని ఎడమచేతి వైపు ఉంచుకుని ఉత్తరానికి పోవడమే పద్ధతి. తీరం వదలకుండా ఉంటే తాగునీటికీ దిగొచ్చు. ఏడుగురిలో విలియం మార్టన్‌కి నౌకాయానం తెలుసు. కుక్ గీసిన తీరరేఖ అప్పటికే పటాల్లో ఉంది. వీళ్ళకు రెండేళ్ళ ముందు, 1789లో, బౌంటీ ఓడ తిరుగుబాటులో గెంటేసిన కెప్టెన్ బ్లై కూడా చిన్న పడవలో కుపాంగ్‌కే చేరాడు. కాకపోతే అతనూ, అతని మనుషులూ ఆరితేరిన నావికులు. ఇక్కడ ఇద్దరు పసిపిల్లలున్నారు.

ప్రయాణం ఎలా సాగిందో జేమ్స్ మార్టిన్ అనే తోటి ఖైదీ చెప్పిన కథనం ద్వారా తెలుస్తోంది. ఆ రాతప్రతి జెరెమీ బెంథామ్ కాగితాల్లో కలిసి లండన్ యూనివర్సిటీ కాలేజీలో భద్రంగా ఉంది. వారాల తరబడి వాన. పడవ పలకల సందుల్లోంచి నీళ్ళు కారితే, ఒడ్డున దిగి ఆ సందుల్లో సబ్బు కూరి పూడ్చారు. కొన్నిచోట్ల స్థానిక ప్రజలు ఊరుకున్నారు, కొన్నిచోట్ల తరిమారు. వాళ్ళ నేల మీదికి తుపాకులతో దిగేవాళ్ళను వాళ్ళు ఇంకెలా చూస్తారు? తుఫానులో తీరానికి దూరమై, పడవ మునుగుతుందేమోనని రాత్రంతా నీళ్ళు తోడుతూ గడిపిన రోజులున్నాయి. గ్రేట్ బారియర్ రీఫ్ దీవుల్లో తాబేళ్ళు దొరికాయి. వాటి మాంసం ఎండబెట్టుకుని దాచుకున్నారు. ఉత్తర కొస చుట్టి తిరిగాక, కార్పెంటారియా సింధుశాఖలో పెద్ద పడవల్లో వెంటాడిన స్థానికుల్ని తప్పించుకుని, నాలుగైదు రోజులు తీరం కనపడని నీళ్ళు దాటి, చివరికి 1791 జూన్ 5న కుపాంగ్ చేరారు.

పదకొండు మందీ ప్రాణాలతో దిగారు. పిల్లలతో సహా. ఈ వాక్యం చదివినప్పుడు నేను కాసేపు పుస్తకం మూసి కూర్చున్నాను.

ఒక్కొక్కరే

ఓడ మునిగిపోయి బతికి బయటపడ్డామని అక్కడ చెప్పుకున్నారు. డచ్చి గవర్నర్ తిండి, బట్టలు ఇప్పించాడు. సుమారు రెండు నెలలు మామూలు మనుషుల్లా బతికారు. ఆ తర్వాత నిజం బయటపడింది. విలియం భార్యతో గొడవపడి తనే వెళ్ళి చెప్పేశాడని మార్టిన్ కథనం. అందరినీ ఖైదు చేశారు.

సెప్టెంబరులో కెప్టెన్ ఎడ్వర్డ్ ఎడ్వర్డ్స్ అక్కడికి వచ్చాడు. బౌంటీ తిరుగుబాటుదారులను పట్టుకోడానికి వెళ్ళి, తన ఓడ పండోరాను రీఫ్ మీద పగలగొట్టుకుని, మిగిలినవాళ్ళతో చిన్న పడవల్లో చేరినవాడు. వీళ్ళందరినీ ఇనుప సంకెళ్ళతో బటావియాకు తీసుకెళ్ళాడు. జ్వరాలకు పేరుమోసిన ఊరది. డిసెంబరు 1న పిల్లాడు ఇమాన్యుయేల్ చనిపోయాడు. మూడు వారాలకి, డిసెంబరు 22న, విలియం పోయాడు. అక్కణ్ణించి కేప్‌టౌన్‌కు పంపేటప్పుడు ఒకతను సుందా జలసంధిలో దూకేశాడు. మరో ఇద్దరు దారిలో చనిపోయారు. అందులో దారి చూపించిన మార్టన్ ఒకడు.

కేప్‌టౌన్‌లో మిగిలిన అయిదుగురినీ, షార్లెట్‌నీ గోర్గన్ అనే యుద్ధనౌక ఎక్కించారు. అది సిడ్నీ నుంచి మెరైన్లను ఇంటికి తీసుకెళ్తున్న ఓడ. అందులో వాట్కిన్ టెంచ్ ఉన్నాడు. 1787లో షార్లెట్ ఓడలో మేరీతో పాటు ఆస్ట్రేలియాకు వెళ్ళింది ఇతనే. అప్పుడు ఆమె నడత బాగుండేదని గుర్తుచేసుకున్నాడు. అంత సాహసం చేసి స్వేచ్ఛ అంచుదాకా వెళ్ళి ఓడిపోయిన వీళ్ళను చూస్తే జాలీ, ఆశ్చర్యమూ కలగకుండా ఉండవని రాశాడు. నిజానికి వాళ్ళను కాపలా కాయాల్సిన పక్షం అతనిది.

ఆ ఎండల్లో ఓడలోని మెరైన్ల పిల్లలూ వరసగా చనిపోతూ వచ్చారు. 1792 మే 6న షార్లెట్ పోయింది. సముద్రంలోనే సాగనంపారు. వయసు నాలుగేళ్ళ ఎనిమిది నెలలు. ఓడలో పుట్టి, ఓడ పేరు పెట్టుకుని, ఓడలోనే పోయింది. ఆ పిల్ల మీద ఏ కోర్టూ ఏ కేసూ పెట్టలేదు.

43 రోజులు

లండన్‌లో న్యూగేట్ జైలు. పారిపోయి తిరిగొచ్చిన ద్వీపాంతర ఖైదీకి ఉరి వెయ్యొచ్చు. కానీ పత్రికల్లో కథ వచ్చేసరికి జనం కదిలారు. బాటనీ బేకి తిరిగి వెళ్ళేకన్నా చావడమే నయమని ఖైదీలు చెప్పారని అచ్చయింది. కోర్టు ఉరి వెయ్యకుండా, పాత శిక్ష ప్రకారమే జైల్లో ఉంచమంది. సామ్యూల్ జాన్సన్ జీవితచరిత్ర రాసి పేరుపొందిన జేమ్స్ బాస్వెల్, వృత్తిరీత్యా లాయరు, ఈ అయిదుగురి కోసం హోం మంత్రి హెన్రీ డండస్ చుట్టూ తిరిగాడు. 1793 మే 2న మేరీకి క్షమాభిక్ష దొరికింది. మిగతా నలుగురు నవంబరులో బయటికొచ్చారు.

ఇప్పుడు ఆ మొదటి తేదీ. 1786 మార్చి 20 నుంచి ఏడేళ్ళంటే 1793 మార్చి 20. క్షమాభిక్ష వచ్చింది మే 2న. నేను క్యాలెండర్ పెట్టుకుని లెక్కేశాను. తీర్పు రోజు నుంచి చూస్తే ఆమె ఏడేళ్ళూ పూర్తిచేసి, ఇంకో 43 రోజులు ఎక్కువే ఉంది. రాజుగారు దయతలిచి క్షమించింది అప్పటికే తీరిపోయిన శిక్షను.

ఆమె పారిపోకుండా బుద్ధిగా సిడ్నీలోనే ఉండి ఉంటే? పిల్లలు బతికేవారేమో. ఏడేళ్ళ తర్వాత స్వేచ్ఛ కాగితం వచ్చేదేమో. కానీ ఫోయ్‌కి, కన్నవాళ్ళ దగ్గరికి వెళ్ళే దారి మాత్రం ఉండేది కాదు. ఏడేళ్ళ శిక్ష పడ్డ మనిషి ఎనిమిదో ఏట ఇల్లు చేరాలంటే భర్తనూ ఇద్దరు పిల్లలనూ పోగొట్టుకోవాల్సి వచ్చింది. ఆ అంకె వెనక ఉన్న అసలు వెల ఇది. అందుకే శిక్ష ఎన్నేళ్ళు అని అడిగేటప్పుడు, తిరిగి వచ్చే దారి ఎవరి ఖర్చు అని కూడా అడగాలనిపిస్తుంది నాకు. అండమాన్ కథలు చదివేటప్పుడు కూడా ఈ ప్రశ్న వేసుకుని చూడండి, పాఠంలో ఒక లైనుగా కనిపించిన మాట వేరేగా కనిపిస్తుంది.

మేరీ అక్టోబరు 1793లో ఫోయ్‌కి బయల్దేరింది. బాస్వెల్ ఏడాదికి 10 పౌండ్లు తన జేబులోంచి ఇస్తానని మాటిచ్చి, 1795లో చనిపోయేదాకా పంపాడు. వెళ్ళేముందు ఆమె అతనికి ఒక చిన్న పొట్లం ఇచ్చింది. అందులో ఎండిన ఆకులు. సిడ్నీ చుట్టుపక్కల పెరిగే ఒక తీగ ఆకులవి. స్వీట్ టీ అనేవాళ్ళు, వలసవాళ్ళు టీ బదులు కాచుకుని తాగేవాళ్ళు, స్కర్వీ రాకుండా పనికొస్తుందని నమ్మేవాళ్ళు. సిడ్నీలో కోసిన ఆకు 69 రోజుల పడవలో, కుపాంగ్‌లో, బటావియాలో, న్యూగేట్‌లో ఆమె దగ్గరే ఉంది. బాస్వెల్ కాగితాల మధ్య ఆ పొట్లం మిగిలిపోయింది. అందులో కొన్ని ఆకులు ఇప్పుడు సిడ్నీలోని రాష్ట్ర గ్రంథాలయంలో ఉన్నాయి.

చదువు రాని మనిషి కాబట్టి మేరీ తన కథ తను రాసుకోలేదు. ఆమె గురించి మనకు తెలిసినదంతా కోర్టు గుమాస్తాలు, అధికారులు, తోటి మగవాళ్ళు రాసిందే. ఆమె చేతి మీదుగా మనదాకా వచ్చినవి రిజిస్టర్లో ఆ ఇంటూ గుర్తు, ఈ ఆకులు.